పిల్లాడి పేరు చెప్పకండి

మన ఆడవాళ్లకు ఒక అలవాటుంది. మనకోసం ఏదైనా తెచ్చుకుంటే దానికి ఇంకొకరి పేరు పెడతాం. రంగు పెన్సిళ్ల డబ్బా కొంటే "పాప డ్రాయింగ్‌కి" అంటాం. మంచి కెమెరా ఉన్న ఫోన్ కొంటే "పిల్లల ఫొటోలు బాగా వస్తాయని" అంటాం. సంగీతం నేర్చుకోవాలని మనకుంటే పిల్లను క్లాసులో చేర్పించి, గుమ్మం పక్కన కూర్చుని విని వస్తాం. "నాకు ఇష్టం, అందుకే" అనే రెండు ముక్కలకు మాత్రం నోరు రాదు.

ఈ అలవాటు మంచిది కాదని నా అభిప్రాయం. సిగ్గు, బిడియం సంగతి పక్కన పెట్టండి. లెక్క ప్రకారం చూసినా నష్టమే. ఎలాగో చెప్పాలంటే ముందు నా పడవ గురించి చెప్పాలి.

పడవ అంటే మనిషి ఎక్కేది కాదు. రెండడుగుల పొడవు, బ్యాటరీతో నడుస్తుంది. ఒడ్డున నిలబడి రిమోట్‌తో నడపాలి. రేసు పడవ. దాన్ని కొనలేదు, చేశాను. ఎనిమిది నెలలు పట్టింది. నాకు నలభై మూడేళ్లు. ఇద్దరు పిల్లలు. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, అబ్బాయి ఎనిమిదో తరగతి. ఈ పడవ మీద మా అబ్బాయికి ఏమాత్రం ఆసక్తి లేదని ముందే చెప్తున్నా. వాడికి క్రికెట్, ఫోను చాలు.

మా ఇల్లు బేగంబజార్‌లో. కింద స్టీలు గిన్నెల దుకాణం, పైన కాపురం, ఆ పైన డాబా. రెండో నిజాం భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలం ఇదని, అందుకే ఈ పేరని పెద్దలు చెప్తారు. ఇక్కడ ఏది అడిగినా దొరుకుతుంది, టోకున దొరుకుతుంది, బేరానికి దొరుకుతుంది. దొరకనిది ఒక్కటే, ఖాళీ జాగా. మెట్ల కింద కూడా సరుకే. ఆ మాట తర్వాత వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

నాకీ పిచ్చి ఎక్కడిదంటారేమో. మా నాన్న సూర్యాపేటలో మోటార్ వైండింగ్ చేసేవారు. కాలిపోయిన పంపుసెట్ మోటార్లు ఎడ్లబండి మీద, తర్వాత ఆటోలో వచ్చేవి. బడి అయ్యాక ఆయన పక్కన కూర్చుని రాగి తీగ చుట్లు లెక్కపెట్టడం నా పని. చుట్టు తప్పితే మోటార్ వేడెక్కుతుంది, అందుకని నన్నే లెక్కపెట్టమనేవారు. పెళ్లయి వచ్చాక ఆ విద్య ఫ్యాన్ తిరక్కపోతే కెపాసిటర్ మార్చేంతవరకే మిగిలింది. రెండేళ్ల కిందట ఫోన్‌లో ఎవరో చిన్న పడవను నీళ్ల మీద రివ్వున తిప్పుతుంటే చూశాను. అందులో మోటార్ బొటనవేలంత ఉంది. అంత చిన్నదానికి అంత వేగం ఎక్కడిదో తెలుసుకోవాలనిపించింది. మొదలు అదే.

తెలుసుకుంటూ పోతే ఇది చాలా పాత ఆటేనని అర్థమైంది. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, తొట్టి నీళ్లలో తీగ లేకుండా ఒక చిన్న పడవను నడిపి చూపించాడు. ఆ ఏడు నవంబరు 8న దానికి పేటెంట్ కూడా వచ్చింది. అంటే రిమోట్‌తో నడిచే వస్తువులన్నిటికీ ముత్తాత పడవే. టీవీ కాదు, కారు కాదు, డ్రోన్ కాదు. మన దేశంలో ఎన్‌సీసీ నేవల్ వింగ్ పిల్లలకు షిప్ మోడలింగ్ నేర్పుతారు, నౌ సైనిక్ క్యాంప్‌లో దానికి పోటీ ఉంటుంది. అమ్మాయిలూ చేస్తారు. కాబట్టి ఆడపిల్ల చేయలేని పని ఇందులో ఏదీ లేదు. నలభై దాటిన ఇల్లాలు చేయకూడదని కూడా ఎక్కడా రాసిలేదు.

మొదటిరోజు నుంచీ ప్రతి దుకాణంలో నాకు ఒకటే ప్రశ్న. ఇత్తడి గొట్టం కోసం మా గల్లీలోనే అడిగాను. "బేటే కే లియే హై క్యా?" మోటార్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. "బాబు ప్రాజెక్టాండీ?" సన్న ప్లైవుడ్ అడిగితే "ఏ క్లాసమ్మా?" మోటార్ బిగించడానికి అల్యూమినియం పట్టీకి రంధ్రాలు వేయించుకుందామని లేత్ మిషన్ దగ్గరికి వెళ్తే, ఆ పెద్దాయన నన్ను దాటి నా వెనక చూశాడు, పిల్లాడు ఎక్కడున్నాడా అని. "నై చాచా, మేరే లియే" అన్నాను. ఒక నిమిషం చూసి, పట్టీ అందుకుని, రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో అడిగాడు. అంతే. ప్రపంచం ఏమీ తలకిందులు కాలేదు.

ఇంట్లోనే కాస్త కష్టమైంది. మా తోటికోడలు నాకంటే ఆరేళ్లు పెద్ద, తెలివైన మనిషి, నా మేలు కోరేదే. "చెల్లె, పిలగాని స్కూలు ప్రాజెక్ట్ అని చెప్పు. ఎవ్వరూ ఏమనరు" అంది. ఆమె మాటలో కపటం లేదు. ముప్ఫై ఏళ్లుగా ఈ ఇంట్లో ఆమె తన పనులు అలాగే సాధించుకుంది. కుట్టుమిషన్ పెద్దకూతురి పేరు మీద వచ్చింది, టైలరింగ్ క్లాసు చిన్నకూతురి పేరు మీద. ఇది చాలా ఇళ్లలో నడిచే దారి, ఎవరినీ నొప్పించని దారి. అయినా నేను అలా చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది. ఎందుకో ముందు పడవ పని చూస్తే తెలుస్తుంది.

రేసు పడవ నీళ్లలో ఈదదు, నీళ్ల మీద జారుతుంది. వేగం అందుకోగానే అడుగు భాగం చాలామటుకు గాల్లోకి లేస్తుంది, వెనక కొంచెం మాత్రమే నీటికి తగులుతుంది. అందుకని అడుగు తిన్నగా ఉండాలి. వెనక అంచు కత్తిలా పదునుగా ఉండాలి. అంచు గుండ్రంగా ఉంటే నీళ్లు దాన్ని అంటిపెట్టుకుని పైకి పాకుతాయి, పడవ వెనకభాగాన్ని కిందికి లాగుతాయి. ఎసట్లోంచి గంజి వార్చేటప్పుడు చూడండి, గిన్నె అంచు మడిచి గుండ్రంగా ఉంటే గంజి గిన్నె వెంబడే కారుతుంది, అంచు పదునుగా ఉంటే తిన్నగా పడుతుంది. గిన్నెల దుకాణం కోడలికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్లైవుడ్‌తో పక్కటెముకలు కోసి, పైన పల్చటి చెక్క అతికి, దానిమీద ఫైబర్‌గ్లాస్ బట్ట పరిచి ఎపాక్సీ పూశాను. ఎపాక్సీ రెండు సీసాలు, రెసిన్ ఒకటి, హార్డెనర్ ఒకటి. సీసా మీద ఏ పాళ్లు రాస్తే ఆ పాళ్లే. త్వరగా గట్టిపడాలని రెండోది ఎక్కువ పోస్తే అసలు సరిగా గట్టిపడదు. లోతు గిన్నెలో కలిపి ఉంచితే తనంతట తనే వేడెక్కి గబుక్కున గడ్డకడుతుంది, వెడల్పు పళ్లెంలో పోసుకుంటే నెమ్మదిగా ఉంటుంది, పని చేసుకోవడానికి సమయం దొరుకుతుంది. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. గాలి ఆడే చోటే చేయాలి. దానికి వాడిన గిన్నె, గరిట మళ్లీ వంటింట్లోకి రాకూడదు. మా అత్తమ్మ పెట్టిన షరతు ఒక్కటే. "నీ పైసలు, నీ తిప్పలు బిడ్డా. ఆ వాసన మాత్రం పూజ గదిలకు రావద్దు." అందుకని ఆ పనంతా డాబా మీద, పొద్దున్నే, ఎండ ముదరకముందే.

తర్వాత మోటార్. ఇప్పటి పడవల్లో బ్రష్‌లెస్ మోటార్లు వాడతారు. మా నాన్న చుట్టిన మోటార్లకు దీనికి చుట్టరికం ఉంది, ఇందులోనూ మూడు తీగలే, ఏ రెండు తీగలు మార్చి కలిపినా తిరిగే దిక్కు మారుతుంది. మోటార్ మీద కేవీ అని ఒక అంకె ఉంటుంది, ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే అంకె. నాది 2000. బ్యాటరీ 11.1 వోల్టులు. గుణిస్తే నిమిషానికి 22,200 చుట్లు, అదీ బరువు లేనప్పుడు. నీళ్లలో ప్రొపెల్లర్ తిప్పేటప్పుడు తగ్గుతుందనుకోండి, అయినా తక్కువేం కాదు. ఆ వేగానికి మోటారూ, దాన్ని నడిపే స్పీడ్ కంట్రోలరూ కాగిపోతాయి. వాటిని చల్లబరిచే పద్ధతి నాకు భలే నచ్చింది. పడవ ముందుకు పోతుంటే వెనకున్న చిన్న గొట్టంలోకి నీళ్లు వాటంతట అవే ఎక్కుతాయి. సిలికాన్ ట్యూబులోంచి కంట్రోలర్ చుట్టూ, మోటార్ చుట్టూ తిరిగి పక్కనున్న రంధ్రంలోంచి బయటికి చిమ్ముతాయి. పంపు లేదు, ఏమీ లేదు. ఆ సన్నటి నీటిధార కనిపిస్తున్నంతసేపూ లోపల అంతా సవ్యంగా ఉన్నట్టు. ధార ఆగితే పడవను ఒడ్డుకు తెచ్చేయాలి.

జాగ్రత్తగా ఉండాల్సింది బ్యాటరీతో. లైపో అంటారు. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, అంతకు మించి ఎక్కించకూడదు. 3.2 దగ్గరికి వచ్చేసరికి ఆపేయాలి, ఇంకా వాడితే పాడవుతుంది. వారాల తరబడి వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జ్ చేయకూడదు, ఎంత డబ్బు పెట్టి కొన్నా సరే. మా ఇంట్లో చార్జింగ్ ఎప్పుడూ డాబా మీద షాబాద్ బండ మీదే, దగ్గర ఇసుక బకెట్ పెట్టుకుని, నేను ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడే. కింద దుకాణంలో అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సంచులు ఉన్న ఇల్లు ఇది. ప్రమాదం అంటూ నన్ను ఆపబోయిన వాళ్లకు నేను చెప్పిన జవాబు ఇదే. రోజూ గ్యాస్ సిలిండర్‌నూ, ప్రెషర్ కుక్కర్‌నూ, కాగిన నూనెనూ ఏ భయం లేకుండా నా చేతికి వదిలేశారు కదా, ఈ అరచేతి బ్యాటరీ దగ్గర ఎందుకు అనుమానం?

రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఆ తరంగం నీటిలోకి పోదు, కాబట్టి పడవలోని యాంటెన్నా నీటిమట్టానికి పైన ఉండాలి. ముందు చేతిలో రిమోట్ ఆన్ చేసి, తర్వాతే పడవ ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు పడవ, తర్వాత రిమోట్. సిగ్నల్ తెగితే మోటార్ ఆగిపోయేలా ముందే అమర్చుకోవాలి. పడవ బోర్లాపడినా మునిగిపోకుండా ముక్కులో థర్మాకోల్ లాంటి నురగ కుక్కాలి. ప్రొపెల్లర్‌ను రేసు కోసం పదును పెడతారు, అది బ్లేడుతో సమానం. పిల్లలు, ఈదేవాళ్లు, పశువులు ఉన్న నీళ్లలో నడపనే కూడదు. హుస్సేన్‌సాగర్ మనకు దగ్గరే, 1562 నాటి చెరువు, అక్కడ తెరచాప పడవల పోటీలు కూడా జరుగుతాయి. కానీ తిరునాళ్లలా జనం, టూరిస్టు పడవలు ఉండే చోట నా పడవకు పనిలేదు.

అందుకని నీటికారకపు పరీక్షలన్నీ డాబా మీది సిమెంటు తొట్టిలో అయ్యాయి. పరుగు మాత్రం సంక్రాంతికి, సూర్యాపేట దగ్గర మా మేనమామ ఊరి చెరువులో. మా బేగంబజార్ పక్కనుంచి పోయే మూసీయే సూర్యాపేట పక్కనుంచీ పోతుంది. నేను ఆ నది వెంట పైకి వచ్చిన కోడలిని, నా పడవ కిందికి వెళ్లింది. తెల్లవారుజామున, పొగమంచు తేలుతుండగా, చెరువులో ఎవరూ దిగకముందు వదిలాను. మొదటి పరుగులో ముక్కు పైకీ కిందికీ ఎగిరెగిరి పడింది. అలా జరిగితే బరువు వెనక ఎక్కువైనట్టు. ఇలాంటి పడవకు బరువు మధ్యబిందువు వెనక అంచునుంచి పొడవులో దాదాపు మూడోవంతు దగ్గర ఉండాలి. బ్యాటరీని రెండు వేళ్ల దూరం ముందుకు జరిపాను. రెండో పరుగులో కుదురుకుంది. పక్కనుంచి చల్లటి నీటిధార సన్నగా చిమ్ముతూ, వెనక తెల్లటి నీళ్లు కోడితోకలా లేస్తూ, చెరువు అటు గట్టు దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఎనిమిది నిమిషాలు కూడా లేదు ఆ ఆనందం, బ్యాటరీ అయిపోయింది. ఎనిమిది నెలల పనికి ఎనిమిది నిమిషాలు. అయినా గిట్టుబాటేనంటాను.

ఇక అసలు సంగతికి వస్తా.

"దీనివల్ల ఏం లాభం?" అని అందరూ అడిగారు. వ్యాపారస్తుల ఇల్లు, ఆ ప్రశ్న తప్పుపట్టను. కానీ గమనించండి. మా ఆయన శనివారం రాత్రి దోస్తులతో క్యారమ్ ఆడితే ఎవరూ లాభం అడగరు. మా బావగారు పతంగుల సీజన్లో నాలుగు రోజులు డాబా దిగరు, మాంజాకు ఎంతయిందో ఎవరూ అడగరు. మగవాడి ఆట ఆటే. ఆడదాని ఆట మాత్రం ఏదో ఒక పనికి రావాలి. కుట్టితే ఇంట్లో బట్టలు రావాలి, వండితే తినాలి, ముగ్గు వేస్తే వాకిలి కళకళలాడాలి. వీటిలో ఆనందం లేదనను, నాకూ ముగ్గంటే ఇష్టమే. కానీ ఇంటికి పనికొచ్చే ఇష్టాలకే మనకు అనుమతి ఉంటే, మిగతా ఇష్టాలన్నీ ఎక్కడికి పోతాయి?

సమయం లేదంటారు. నిజమే. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఇంటి పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. ఐదేళ్లలో మనకు పది నిమిషాలు మిగిలాయి, వాళ్లకు తొమ్మిది. ఈ లెక్కన ఎవరో మనకు సమయం మిగిల్చి ఇస్తారని కూర్చుంటే మనవరాలి కాలం వస్తుంది. నేను మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా ఒక గంట తీసుకున్నాను. అదివరకు ఆ గంటలో సీరియల్ చూస్తూ కూరగాయలు తరిగేదాన్ని. ఇప్పుడు తరగడం పొద్దున్నే అయిపోతోంది, సీరియల్ లేకపోయినా ఇల్లు నడుస్తోంది.

డబ్బు సంగతి. మొత్తం పదిహేను వేలకు కాస్త అటూ ఇటూ అయింది. నేను నెలనెలా వేసే చీటీ డబ్బు అది. ఒకేసారి కాదు, ఈ నెల మోటార్, వచ్చే నెల రిమోట్, అలా. ప్రతి వస్తువు ధరా ఒక పుస్తకంలో రాసి టీవీ పక్కనే పెట్టాను, ఎవరైనా చూసుకోవచ్చు. పోపుల డబ్బాలో దాచి, చీర మడతలో పెట్టి కొంటే రూపాయి ఖర్చుకు కూడా దొంగతనం చేసినట్టుంటుంది. చెప్పి కొంటే పదిహేను వేలకు కూడా తలెత్తుకుని ఉండొచ్చు. ఇంట్లో పిల్లల ఫీజుకో, ఆస్పత్రికో డబ్బు చాలని రోజుల్లో ఈ పని పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. ఇష్టానికి పదిహేను వేలే కావాలనీ లేదు, యాభై రూపాయల క్రోషే సూది చాలు. కానీ అది మీ పేరు మీద ఉండాలి.

పేరు ఎందుకంత ముఖ్యమో దసరా తర్వాత తెలిసింది. ధనత్రయోదశికి గిన్నెలు కొనే ఆనవాయితీ మీకు తెలుసు, మా గల్లీలో ఆ పదిహేను రోజులు కాలు పెట్టే సందు ఉండదు. ఏడాది సంపాదనలో పెద్ద వాటా అప్పుడే. డాబా మీద రేకుల గది ఒకటుంది, అందులో కిటికీ పక్కన నా బల్ల. మా బావగారు పైకి వచ్చి చూసి, "ఆ బల్ల తీసేస్తే ఇరవై పెట్టెల స్టీలు డబ్బాలు పడతాయి" అన్నారు. ఆయన అన్నదాంట్లో అన్యాయం లేదు. బేగంబజార్‌లో అడుగు జాగా ఖరీదు ఆయనకు తెలిసినంత నాకు తెలియదు.

ఇప్పుడు ఆలోచించండి. అది "పిల్లాడి ప్రాజెక్ట్" అయి ఉంటే ఆ రోజు నేనేం మాట్లాడగలను? "స్కూల్లో ఇచ్చేశాడు కదా, ఇంకెందుకు?" అని ఒక్క మాటంటే నా నోటికి తాళమే. అబద్ధపు పేరుతో వచ్చిన హక్కుకు గడువుంటుంది. పిల్లాడి పరీక్ష అయిపోగానే అదీ అయిపోతుంది. మా తోటికోడలి కుట్టుమిషన్ అలాగే వెళ్లిపోయింది, పెద్దకూతురి పెళ్లయిన నెలకే. "పిల్లదే కదా" అని అత్తవారింటికి పంపించారు. ఆమె పంపను అనలేకపోయింది, ఎందుకంటే అది నిజంగానే పిల్లది, అందరి లెక్కలో. ఆ మిషన్ మీద పన్నెండేళ్లు కూర్చున్నది ఆమె.

నేను మాత్రం చెప్పగలిగాను. "బావగారూ, అది నా పని బల్ల. దాని కింద పదిహేను పెట్టెలు పడతాయి, గోడకు అటక కొట్టిస్తే ఇంకో పది. ఖర్చు నేనే పెట్టుకుంటా. బల్ల మాత్రం ఉంటుంది." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టేపు తెప్పించి గోడ కొలిచారు. వ్యాపారస్తుడు కదా, ఇరవై కంటే ఇరవై అయిదు ఎక్కువని ఆయనకు వేరే చెప్పాలా! ఆ పండగ పదిహేను రోజులు నేను బల్ల ముట్టుకోలేదు, కింద గిరాకీ చూసుకున్నాను. పండగ వెళ్లాక పెట్టెల మధ్యే కూర్చుని పడవ పని చేసుకున్నాను. ఇదేదో గొప్ప విజయమని చెప్పుకోవడం లేదు. ఇంకా ఆయనకు ఆ పడవ ఎందుకో అర్థం కాలేదు, బహుశా ఎప్పటికీ కాదు. అర్థం కానక్కర్లేదు కూడా. నాకు ఆయన పతంగులు అర్థమయ్యాయా? అర్థం కాకపోయినా జాగా ఇవ్వడమే ఉమ్మడి కుటుంబంలో మర్యాద.

ఇంకో లెక్క ఉంది, నాకు అన్నిటికంటే పెద్దది. మా అమ్మాయి. అది ఎంపీసీ చదువుతోంది, మోటార్, వోల్టేజీ అన్నీ పుస్తకంలో ఉన్నాయి. నేను పిల్లాడి పేరు చెప్పి ఉంటే అది ఏం నేర్చుకునేది? అమ్మకు చేతనైనా సరే, పని తమ్ముడి పేరు మీదే జరగాలని. రేపు అది ఉద్యోగం చేసినా, తన ఇష్టానికి ఇంకొకరి పేరు వెతుక్కుంటుంది. మనం నోటితో చెప్పే స్త్రీ స్వాతంత్ర్యం పాఠాలు పిల్లలు వినరు, మనం ఎవరి పేరు చెప్పి ఏం కొన్నామో గమనిస్తారు. మొన్న చుట్టాలొచ్చి షోకేస్‌లో పడవ చూసి మా అబ్బాయి వీపు తట్టి మెచ్చుకోబోతే, మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే "వాడిది కాదు, మా అమ్మది" అంది. వాడూ "అవును, అమ్మదే" అని బిస్కెట్ తింటూ వెళ్లిపోయాడు. మగపిల్లాడికి కూడా ఇది మంచిదేనని నాకప్పుడు తోచింది. చేయని పనికి మెప్పు తీసుకోవడం చిన్నప్పుడే అలవాటు కాకూడదు కదా.

కొందరు స్నేహితులు "యూట్యూబ్‌లో పెట్టు, డబ్బులొస్తాయి" అన్నారు. ఇంకొకరు "చేసి అమ్ము" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఇది మళ్లీ పాత దారికే తీసుకెళ్తుంది చూశారా. పిల్లాడి పేరుకు బదులు సంపాదన పేరు. ఏదో ఒక సాకు లేకుండా ఆడది ఒక గంట కూర్చోకూడదా? అవసరమై అమ్ముకునేవాళ్లను నేను తప్పుపట్టను, ఆ అవసరం నాకూ రావచ్చు. ఇప్పుడైతే లేదు. అంతవరకు ఇది ఆటే.

మీ ఇంట్లో కూడా ఉంటుంది, పిల్లల పేరు మీదున్న మీ వస్తువు ఒకటి. కీబోర్డో, రంగుల డబ్బానో, సైకిలో, ఇంగ్లీషు పుస్తకాల బొత్తో. ఈ వారం ఒక పని చేయండి. గొడవ పెట్టుకోవద్దు, ఉపన్యాసం ఇవ్వొద్దు. భోజనాల దగ్గర మామూలుగా, పప్పు వడ్డిస్తూ, "అది నాది" అని చెప్పి చూడండి. రోజులో ఏ గంట మీదో, ఇంట్లో ఏ మూల మీదో కూడా అప్పుడే చెప్పేయండి. ఒకరిద్దరు నవ్వుతారు, నవ్వనివ్వండి. మా ఇంట్లోనూ నవ్వారు.

నేను రెండో పడవ పక్కటెముకలు కోయడం మొదలుపెట్టాను. ఈసారి అడుగు ఇంకాస్త సన్నగా, బరువు వంద గ్రాములైనా తక్కువ చేయాలని చూస్తున్నా. మా తోటికోడలు నిన్న పైకి వచ్చి బల్ల పక్కన కాసేపు కూర్చుంది. అటక కింద ఇంకో చిన్న బల్ల పడుతుందా అని అడిగింది. కుట్టుమిషన్ కొలతలు తీసుకురమ్మన్నాను.